సాక్ష్యం కోసం ఆపిన మాత్రలు

మా అమ్మకి సాక్ష్యాల పిచ్చి. ఆదివారం చర్చిలో ఎవరైనా లేచి, ప్రభువు తమ రోగం ఎలా నయం చేశాడో చెబుతుంటే, మా ఇంటి నుంచి ఎవరూ లేవడం లేదే అని ఆవిడకి ఒకటే బాధ. ఆ పిచ్చితోనే పిన్ని ప్రాణం మీదికి తెచ్చింది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

పిన్ని అంటే అమ్మ చెల్లెలు. దివిసీమ ఉప్పెనలో ఆవిడ ఇల్లు, భర్త, నా ఈడు కూతురు పోయారు. బతికి బయటపడ్డ పిన్నిని విజయవాడ వన్ టౌన్‌లోని మా ఇంటికి తీసుకొచ్చారు. కూతురు ఎలా పోయిందో ఎవరికీ చెప్పలేదు. గాలి కాస్త జోరుగా వీస్తే చాలు, గడగడ వణుకుతూ గుమ్మం సందుల్లో చీరలు కుక్కేది. గవర్నర్‌పేట డాక్టరుగారు గాభరా తగ్గడానికి చిన్న తెల్ల మాత్రలు రాసిచ్చారు.

"ఇవి మీ చెల్లెలికేనమ్మా, ఇంకెవరూ మింగకూడదు. నాకు చెప్పకుండా పెంచొద్దు, ఆపొద్దు" అన్నారు.

కొన్ని నెలలకి పిన్ని అన్నం సరిగా తినసాగింది. నాకు జడలు వేసేది. ఒకసారి నవ్వింది కూడా. అంతే, అమ్మకి పండగైపోయింది.

"ప్రభువు బాగుచేశాడే! ఇంకా మందులేంటి? వచ్చే ఆదివారం నువ్వే లేచి చెప్పాలి. మాత్రలు మింగుతా సాక్ష్యం చెబితే ఏం బాగుంటది?" అని పొట్లం తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేసింది.

"డాక్టరుగార్ని అడుగుదాం అక్కా" అంది పిన్ని మెల్లగా. వింటేగా!

ఆ మర్నాటి నుంచి పిన్నికి కంటిమీద కునుకు లేదు. చేతులు వణికి గ్లాసు జారిపోయేది. శనివారం మధ్యాహ్నం అమ్మ బజారుకెళ్ళింది. బయట మాడ్చే ఎండ, ఆకు కదలడం లేదు. పిన్ని నేల వంక చూస్తూ "నీళ్ళొచ్చేశాయే" అంది. అరవలేదు, ఏడవలేదు. అందుకే నాకు మరీ భయం వేసింది. నన్ను కిటికీ గట్టు మీద కూర్చోబెట్టి, తన చీర తెచ్చి నా నడుముకి చుట్టి, ఊచలకి కట్టింది. ముడి మీద ముడి వేసింది.

"కాళ్ళు పైకి పెట్టుకో అమ్మా" అంటే పెట్టుకున్నాను. గచ్చు పొడిగానే ఉంది. అయినా, ఒట్టు, గుమ్మం కింద నుంచి నీళ్ళు లోపలికి వస్తున్న చప్పుడు నాకూ వినిపించింది.

అమ్మ వచ్చి చూసి కెవ్వుమంది. ముడి విప్పబోతే పిన్ని ఒక్క తోపు తోసింది. అమ్మ పక్కింటాయన్ని డాక్టరుగారి కోసం పరిగెత్తించింది. ఆయన వచ్చి పిన్నికి ఇంజెక్షన్ ఇచ్చారు. మాత్రలు దాచేశానని అమ్మ చెప్పగానే ఆవిడ వైపు తిరిగారు.

"అలవాటైన మాత్ర ఒక్కసారిగా మానేస్తే ఇలాగే అవుతుందమ్మా. ఫిట్సు కూడా రావచ్చు. కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఎప్పుడు, ఎంత తగ్గించాలో నేను చెబుతాను."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ముడులు పిన్ని చేతే విప్పిద్దామన్నారు డాక్టరుగారు. కాసేపటికి వణుకు తగ్గాక, పిన్ని తనే వచ్చి నా ముడులు ఒక్కొక్కటీ విప్పింది. విప్పాక పట్టుకున్న నా మణికట్టు మాత్రం విడవలేదు. అమ్మని చూసి అడిగింది:

"ఈసారి వదల్లేదు కదక్కా?"