చప్పటి అంబలి

ఎండకు కళ్ళు తిరిగి కూలబడితే నర్సు ఓఆర్‌ఎస్ కలిపి ఇచ్చింది. మొదటి గుక్కలో ఉప్పు తగలగానే అయ్య చొక్కా గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల అరవయ్యేడో, అరవయ్యెనిమిదో. శృంగవరపుకోట దగ్గర ఇటుకల బట్టీలో అయ్య పని. సాయంత్రానికి ఆయన చొక్కా వీపు మీద తెల్లటి చారలు అట్టకట్టేవి. నాలుకతో తాకి చూశాను, ఉప్పే. "రోజూ ఈ సొక్కా ఉతకలేక సచ్చిపోతన్నాను," అని అమ్మ నడుం పట్టుకునేది.

రాగిపిండితో కాచిన చోడి అంబలిలో ఉప్పు కలిపి అయ్యకు పట్టుకెళ్ళడం నా పని. తాగిన ఉప్పే బయటికొస్తోందనుకుని, అమ్మకు చాకిరీ తగ్గుతుందని, మూడు రోజులు కలపడం మానేశాను. అయ్య చుక్క మిగల్చకుండా తాగి చెంబు నా చేతికిచ్చేవాడు.

మూడో రోజు ఆయన పిక్కలు రాళ్ళలా బిగుసుకుపోతే ఇద్దరు కూలీలు ఇంటికి మోసుకొచ్చారు.

"అంబల్లో ఉప్పేసినావేటే?" అని అమ్మ నన్ను నిలదీసింది.

"ఏసినాదిలే. గుంటని ఏటీ అనకు," అన్నాడు అయ్య, పళ్ళు బిగబట్టి.

అమ్మ ఉప్పు గంజి తాగించాక మెల్లగా పిక్కలు వదిలాయి.

ఆ మూడు రోజులూ చొక్కా మీద చారలు తగ్గనే లేదు. అంబలిలో లేని ఉప్పు అయ్య నెత్తుటిలోంచి వస్తోందని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.