పాలబండిలో నీళ్ల సీసా

పోయిన ఆదివారం మా అల్లుడు మంచి మనసుతోనే ఒక పని చేశాడు. మామయ్య మోకాళ్లు వంగడం లేదు, నేనే కడుగుతానంటూ బకెట్టూ గుడ్డా పట్టుకుని మా పాత జపాను కారును లోపలా బయటా తుడిచాడు. పనిలో పనిగా, ముందు అద్దం దగ్గర ఎప్పుడూ ఉండే పాత ప్లాస్టిక్ నీళ్ల సీసాను, రంగు మారి మూత పగిలి ఉంది కదా అని, చెత్తబుట్టలో పడేశాడు. సీసా లేకపోవడం చూసేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. కొడుకైతే నాలుగు తిట్టొచ్చు, అల్లుణ్ణి ఏమనగలం? మన ఈడు వాళ్లకు నేను చెప్పాలా? బుట్టలోది అప్పటికే చెత్తబండి ఎక్కింది. నవ్వుమొహం అలాగే పెట్టుకుని, వంగని మోకాళ్లతోనే వీధి చివర బండి దాకా ఉరికి, తోటకూర కాడలూ టీపొడి పిప్పీ నడుమ చేయి పెట్టి వెతికి తెచ్చుకున్నాను. మా ఆవిడ గడపలో నిలబడి, "రిటైరైనంక మంచి కొలువే దొరికింది పో!" అని ఎగతాళి. పాపం అల్లుడు బిక్కమొహం వేశాడు. కూర్చోబెట్టి అతనికి ఆ సీసా సంగతి చెప్పాను. చెప్పడం అయ్యాక, ఇంకా ఎవరికైనా చెప్పాలనిపించింది.

మాది మాదన్నపేట. తాతల కాలం నుంచి బర్రెల కొట్టమే మాకు ఆస్తి, పాలే మాకు బతుకు. నేను మాత్రం ఐటీఐ చదివి కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే కార్ఖానాలో కొలువు సంపాదించాను గాని, పొద్దుటి షిఫ్టు దిగి వచ్చాక సాయంత్రం పాలు పోయడానికి బాపు వెంట, అంటే మా నాన్న వెంట, పోవడం తప్పేది కాదు, తప్పాలని నేనూ అనుకోలేదు. శాలిబండ దాకా ఉన్న ఇళ్లే మా గిరాకీలు. ప్రతి గడప ముందూ బాపు పాలు కొలిచే లోటాను బోర్లించి, ఒకసారి విదిలించి, లోపల తడి లేదని చూపించాకే క్యానులో ముంచేవాడు. ఎవరూ అడగకపోయినా చూపించేవాడు. ఇంకొక నియమం కూడా ఉండేది. పాలు మోసే బండి మీద చుక్క నీళ్లు ఉండకూడదు. దాహమైతే ఏ గిరాకీ ఇంటి ముందో నిలబడి అడిగి తాగాలి తప్ప, సీసా గాని చెంబు గాని బండెక్కకూడదు. పాలవాడి చేతిలో నీళ్లు చూసిన మనిషి ఏమనుకుంటాడో మీకు వేరే చెప్పనక్కర లేదు. మా బాపు అలా అనిపించుకోకుండా నలభై ఏళ్లు పాలు పోశాడు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

అన్నేళ్లూ సైకిలు మీదే తిరిగిన బాపు కారు కొన్నాడంటే మాదన్నపేట కూరగాయల మార్కెట్టంతా నవ్వింది. మా గిరాకీల్లో ఒక డాక్టరమ్మ ఉండేది. ఊరు విడిచి పోతూ, తన తెల్ల జపాను కారు ఎవరి పాలో పడేకన్నా నీ దగ్గరుంటే నాకు సంతోషమని బాపుకే ఇచ్చి వెళ్లింది. ఇచ్చిందంటే ఊరికే కాదు లెండి, రెండు బర్రెలు అమ్మాల్సి వచ్చింది. బాపుకు స్టీరింగు పట్టడం రాదు, నేనే తోలేవాణ్ణి. వెనక సీటు ఊడదీసి నాలుగు క్యాన్లు నిలబెట్టేవాళ్లం, ఆదివారం మళ్లీ సీటు బిగించి అమ్మనూ చెల్లెనూ పెళ్లిళ్లకూ పేరంటాలకూ తిప్పేవాళ్లం. ఎంత కడిగినా పులిసిన పాల వాసన పోయేది కాదు. పట్టుచీరలు కట్టుకుని అమ్మా చెల్లీ కిటికీలోంచి తల బయట పెట్టి కూర్చునేవారు, చూసేవాళ్లు అది దర్జా అనుకునేవారు. ఎడమ వైపు తలుపు మీద పెద్ద సొట్ట ఉంది. అది ఏ లారీ గుద్దినదో కాదు, మా పెద్ద బర్రె ఒళ్లు దురద పెట్టి రాసుకున్నది. ముందు సీట్లో, ఉతికిన తెల్ల ధోతీలో, చెయ్యి కిటికీ మీద పెట్టి బాపు కూర్చుంటే నవాబు వచ్చినట్టుండేది. అలా ఆరేళ్లు గడిచాయి.

ఒక ఎండాకాలం సాయంత్రం, శాలిబండ ఎత్తు మీద బండ్లు ఇరుక్కుపోయి కదలడం లేదు. ఇంజను వేడి చూపించే ముల్లు మెల్లగా పైకి లేచింది. రేడియేటర్లో నీళ్లు తగ్గాయని నాకు అర్థమైంది. ఎదురుగానే మేము పాలు పోసే చాయ్ హోటలు, దాని ముందు నీళ్ల కుండ. దిగి ఒక్క చెంబు తెస్తే సరిపోయేది. బాపు నా చేయి పట్టుకుని ఆపాడు. "ఈడ వద్దురా. గిరాకీలంత ఈన్నే ఉన్నరు. పాలబండి కాడికి నీళ్లు మోసుకొస్తే ఎవలన్న ఇంజన్లకనుకుంటరా? ఇజ్జత్ పోతది. మెల్లగ ఇంటికి పోనీ." నేను పోనిచ్చాను. మాదన్నపేట మార్కెట్టు దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఎర్ర గీత దాటింది, బానెట్టు సందుల్లోంచి ఆవిరి, ఆ తర్వాత టక్కుమని ఒక చప్పుడు. అంతే. నలుగురం కలిసి నెట్టి కొట్టంలో ఒక మూల నిలబెట్టాం. మెకానిక్కు వచ్చి చూసి, ఇంజను మీద మూతలా కూర్చునే హెడ్డు వేడికి వంగిపోయిందని, ఇంత ఖర్చు పెట్టడం కన్నా తుక్కుకు వేయడం నయమని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పాలవేళకు బాపు పాత సైకిలు దుమ్ము దులిపి, రెండు క్యాన్లు తగిలించుకుని బయలుదేరాడు. మార్కెట్టు వాళ్లు "ఏంది పటేలా, కారేడవాయె?" అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఆ హెడ్డు అల్యూమినియంది. అల్యూమినియం వేడికి ఏమవుతుందో మా బాపుకు తెలియదు, నాకు తెలుసు. నేను పొద్దంతా చేసే పని లోహాలతోనే. ఆ రోజు ఎత్తు మీద ముల్లు చూసినప్పుడే నాకు తెలుసు, ఇంటిదాకా పోతే ఇంజను దక్కదని. అయినా నాకూ ఇజ్జతే, ఆ పరువే ముఖ్యమనిపించి నోరు మూసుకున్నాను. తన మాట వల్లే బండి పోయిందని బాపు లోలోపల కుములుతున్నాడని తెలిసి కూడా, నాకు ముందే తెలుసునన్న మాట మాత్రం పదిహేడేళ్లు నా నోట రాలేదు. కారు కొట్టంలోనే ఉండిపోయింది, దాని మీద గడ్డిమోపులు పేర్చేవాళ్లం.

నేను రిటైరైన ఏడాది మా అన్న ఒక నిర్ణయం తీసుకున్నాడు. బర్రెలన్నీ అప్పటికే అమ్మేశాం. ఖాళీ కొట్టం కూల్చి అద్దెకు గదులు కట్టాలని, దసరా తెల్లారి తుక్కువాడు వచ్చి కారును పట్టుకుపోతాడని చెప్పాడు. ఎనభై ఆరేళ్ల బాపు అరుగు మీద మంచంలో కూర్చుని ఆ మాట విని, కొట్టం వైపు ఒకసారి చూసి, కళ్లు దించుకున్నాడు. దసరా పూజకు ఈ కారు తన కాళ్ల మీద తాను బయటికి రాకపోతే, తుక్కువాడికి నేనే చేతులారా ఎక్కిస్తానని అన్నతో పంతం పట్టాను. ఉన్నది మూడు నెలలు. అన్న పకపకా నవ్వాడు.

బానెట్టు లేపితే లోపల ఎలుకల సంసారం, గడ్డితో గూడు కట్టి వైర్లన్నీ కొరికి పెట్టాయి. ఇన్నేళ్ల పశువుల మూత్రం ఘాటుకు రేడియేటరు రాగి పచ్చగా పొడైపోయింది. అడుగు రేకు తుప్పు పట్టి, కూర్చుంటే కాళ్ల కింద నేల కనబడేది. నేను భయపడలేదు. కార్ఖానాలో ముప్ఫై ఆరేళ్లు చేసిన చేతులివి, వీటికి పనంటే పండగ. మా పాత రేకు క్యాను ఒకటి చీల్చి, సాపు చేసి, అడుగున రివెట్లు కొట్టి బిగించాను. పాలు మోసిన రేకు ఇప్పుడు మమ్మల్ని మోస్తోంది. వైర్లు ఒక్కొక్కటీ రంగు చూసుకుని కొత్తవి వేశాను. రేడియేటరు మరొక పాత బండిది దొరికింది. హెడ్డు విప్పి దాని మీద తిన్నని ఉక్కు పట్టీ అడ్డంగా పెడితే మధ్యలో వెలుతురు కనిపించింది. వెంట్రుకంత సందు, అంతే. ఆ వెంట్రుకంత సందు కోసం పదిహేడేళ్లు మా బండి గడ్డి మోసింది.

శాలిబండలో నాకు చిన్ననాటి దోస్తు ఒకడున్నాడు, లేతు మిషను పెట్టుకున్నాడు. హెడ్డు సంచిలో పెట్టుకుని షేరింగ్ ఆటోలో ఒళ్లో పసిపిల్లను పెట్టుకున్నట్టు తీసుకుపోతే, వాడు అటూ ఇటూ తిప్పి చూసి, "ఇసే క్యోఁ జిందా కర్‌రా మియా, జానే దే" అన్నాడు, దీన్నెందుకు బతికిస్తావు, పోనియ్యమని. నేను కదల్లేదు. వాడు తిట్టుకుంటూనే రెండు రోజులు కూర్చుని దాని ముఖం సాపు చేసి, ఇంక వెలుతురు పోదు చూసుకోమని నా చేతిలో పెట్టాడు. హెడ్డు బోల్టులు మధ్యలోంచి మొదలుపెట్టి, మూడు విడతలుగా, కొలత చూసుకుంటూ బిగించాను. బాపు మంచం ఎప్పుడు కొట్టం గుమ్మం దగ్గరికి జరిగిందో నేను గమనించలేదు గాని, ఆ మూడు నెలలూ ఆయన అక్కడే ఉండి నా చేతులనే చూస్తూ ఉండేవాడు.

దసరాకు రెండు రోజుల ముందు తాళం తిప్పాను. గరగరమంది, దగ్గింది, అంటుకోలేదు. సాయంత్రం దాకా తిప్పాను. అన్న వచ్చి, "ఇగ చాలు తమ్మీ, ముసలోనికి ఆశ పెట్టకు" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, నిజంగానే బాపును చూసి అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. మర్నాడు పొద్దున మనసు కుదుట పరచుకుని మొదటి నుంచీ ఒక్కొక్కటే సరిచూస్తే, తప్పు నాదే. స్పార్కు పంచే డబ్బాను విప్పి మళ్లీ పెట్టేటప్పుడు సగం తిరగేసి పెట్టాను, అన్ని తెలివితేటలున్న మొనగాణ్ణి! దాన్ని సరిచేసి బిగించి మళ్లీ తాళం తిప్పాను. ఒక్కసారి పొగ కక్కి, కొట్టంలోని ఎలుకలన్నీ పరుగెత్తేలా గర్జించి, ఆ తర్వాత కుట్టుమిషనులా నడవడం మొదలుపెట్టింది. అబ్బ! ఇల్లంతా కొట్టంలోకి ఉరికి వచ్చింది. మా అన్న కళ్లు తుడుచుకుంటూ పొగ ఎక్కువైందని నాకే చెప్పాడు.

ఆ చప్పుడులోనే బాపు దగ్గరికి పోయి కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆనాడు ఎత్తు మీద ఆపకపోతే ఇంజను పోతుందని నాకు తెలుసని, తెలిసీ చెప్పలేదని, తప్పు ఆయనది కాదని చెప్పేశాను. బాపు నా తల మీద గ్రీసు అంటిన జుట్టును చేత్తో నిమిరాడు.

దసరా పొద్దున బండి తన కాళ్ల మీద తాను కొట్టంలోంచి బయటికి వచ్చింది. బంతిపూల దండ, పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ, అన్నీ అయ్యాయి. బర్రె సొట్టను మాత్రం నేను తీయించలేదు, దాని మీదే బొట్టు పెట్టాను. బాపును చేయి పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టబోతే, ఆగమని చేయి చూపి, మా ఆవిడను పిలిచి, "బిడ్డా, సీసల నీళ్లు పట్టుకరా పో" అన్నాడు. దాహమేమో అనుకున్నాం. ఆమె చేతికందిన ప్లాస్టిక్ సీసా నింపి తెచ్చింది. బాపు తాగలేదు. ఆ సీసాను తీసుకుపోయి, దారిన పోయే ప్రతివాడికీ కనబడేలా, ముందు అద్దం దగ్గర నిలబెట్టాడు. మూత గట్టిగా ఉందో లేదో చూసి, ఎక్కి కూర్చుని, చెయ్యి కిటికీ మీద పెట్టి, "నడువు" అన్నాడు.

శాలిబండ ఎత్తు ఎక్కాం. ముల్లు కదలకుండా నడుమనే ఉంది. చాయ్ హోటలు ఉండిన చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. దాని ముందుకు రాగానే బాపు, "ఆపురా" అన్నాడు. బండికి ఏమీ కాలేదు బాపూ అన్నాను. "ఎర్కనే. అయినా ఆపు." ఆపాను. వెనక బండ్లు హారన్లు కొడుతున్నా ఆయన తొందరపడలేదు. సీసా తీసి, మూత విప్పి, రెండు గుక్కలు తాగి, నాకిచ్చాడు. నేనూ తాగాను. సీసా మళ్లీ దాని చోట నిలబెట్టి, "ఇగ పోనీ" అన్నాడు.

ఆ మరుసటేడే బాపు పోయాడు. కొట్టం ఉన్న చోట గదులు లేచాయి, కారు వాటి ముందు నిలబడుతుంది. పాలు ఇప్పుడు ప్యాకెట్లలో వస్తాయి. కత్తిరతో మూల కోసి గిన్నెలో వంపుకుంటాం. వాటిలో ఎన్ని నీళ్లున్నాయో ఎవరూ అడగరు, ఎవరూ లోటా బోర్లించి చూపరు. కాలం సుఖంగానే ఉంది, కాదనను. కాని దారిలో ఎవరో ఏదో అనుకుంటారేమోనని ఒక బండినే పోగొట్టుకునేంత నిజాయితీని తలుచుకుంటే నాకు గర్వంగానూ ఉంటుంది, గుబులుగానూ ఉంటుంది. అల్లుడు ఈ కథంతా విని, లేచి పోయి, ఆ సీసాను సబ్బు పెట్టి కడిగి, నీళ్లు నింపి, ఏ మూల ఉండేదో నన్ను అడిగి మరీ అక్కడే పెట్టాడు.