గర్బాన్సోకు వంతు రాలేదు

పువెబ్లా నగరంలో క్షౌరశాల నడిపే క్రిసోఫోరో కుర్చీలో కూర్చున్నవాడెవడూ తన మాట పూర్తిగా చెప్పుకుని లేచిన దాఖలా లేదు. కత్తెర ఆగినా ఆయన నోరు ఆగదు. మొన్నటి భూకంపంలో ఎదురింటి ముసలావిడ శిథిలాల కింద ఉందని సహాయక దళంవాళ్ళ కుక్కే కనిపెట్టింది. ఆ రోజే ఆయన, తన పెంపుడు కుక్క గర్బాన్సోతో సహా ఆ స్వచ్ఛంద దళంలో చేరి తీరాలని పట్టుబట్టాడు.

పరీక్ష తేలికే. కూలిన గోడల మధ్య ఎవరో దాక్కుంటారు. కుక్క వాసన పట్టి అక్కడ మొరగాలి. మొరిగితేనే తవ్వుతారు. గర్బాన్సో రెండుసార్లూ నిమిషాల్లో మనిషిని పట్టేసింది. పట్టేసి, కూర్చుని, మర్యాదగా యజమాని వైపు చూసింది. మొరగలేదు. దళనాయకురాలు సెనైదా పిడికిలి పైకెత్తితే, లోపలి మూలుగు వినబడాలని లారీవాళ్ళు సైతం ఇంజన్లు ఆపేస్తారు. క్రిసోఫోరో మాత్రం అప్పుడు కూడా తన కుక్క తెలివితేటల గురించి పక్కవాడి చెవి కొరుకుతూనే ఉన్నాడు. మూడోసారి తప్పితే ఇక దళం ఊసెత్తవద్దని సెనైదా తేల్చేసింది.

కుక్కకు గొంతే లేదేమోనని ఆయన పశువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తాడు. గొంతు నిక్షేపంలా ఉందని డాక్టరు అన్నాడట. అన్నాడనే అనుకోవాలి, ఆయన్ను పూర్తి చెయ్యనిస్తే కదా. చివరికి అసలు సంగతి చెప్పింది భార్య ఒతీలియా.

"అది పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నీ కొట్లోనే పెరిగింది. వంతొస్తే మొరుగుదామని చూస్తోంది పాపం. నువ్వు నోరు మూస్తే కదా అది తెరిచేది."

మూడో పరీక్షనాడు ఆయన పళ్ళకు బంకలా అతుక్కునే పాకం మిఠాయి రెండు ముక్కలు నోట్లో కుక్కుకున్నాడు. మొహం కందగడ్డయింది. గర్బాన్సో విరిగిన దూలం కింద మనిషిని పట్టింది, కూర్చుంది, ఆయన వైపు చూసింది. ఎదురుచూసింది. తర్వాత అనుమానంగా ఒక్కసారి భౌమంది. ఎవరూ అడ్డు రాలేదు. ఇక నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా కక్కేసింది. దాక్కున్నవాడు బయటికొచ్చి బతిమాలినా ఆపలేదు.

దళంవాళ్ళిచ్చిన నారింజరంగు హెల్మెట్ పెట్టుకుని, భార్యతో ఇంటికి నడుస్తూ క్రిసోఫోరో కళ్ళు తుడుచుకున్నాడు. "ఎంత మంచి గొంతే దీనిది. నాలుగేళ్ళూ నేను విననే లేదు."

"మన పెళ్ళయి ముప్పయ్యేళ్ళు. నాది విన్నావా?" అంది ఒతీలియా.

దానికి ఆయన దగ్గర జవాబుంది, చాలా పొడుగుది. దాన్ని మింగేసి, పక్కింటి మెట్ల మీద కూలబడి, "చెప్పు," అన్నాడు.

ఒతీలియా పెళ్ళిరోజు నుంచి మొదలుపెట్టింది.