సగం సాపైన తల

మా రంగూన్‌లో కరెంటు కోతకు ఒక పట్టిక ఉంది. కరెంటుకు మాత్రం ఆ సంగతి తెలియదు. ఈమధ్య దానిమీద కోపం తెచ్చుకునే ఓపిక కూడా నాకు లేదు.

కిందటేడు మా చెల్లెలి కూతురు థీరికి బడిలో ఫొటో తీస్తామన్నారు. నైజీరియా నుంచి ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చి మా ఇంటి అల్లుడైన వాళ్ల నాన్న జుట్టే పిల్లకూ వచ్చింది, బిగుతైన ఉంగరాలతో. నాకు వచ్చిన విద్యల్లా నూనె రాసి రెండు జడలు వేయడం. ఆ జుట్టు దానికి లొంగలేదు. చెల్లెలు డ్యూటీకి వెళ్లగానే జుట్టు సాపుచేసే మిషను తీశాను.

కుడివైపు పూర్తయింది, కరెంటు పోయింది. బడి బస్సుకు అరగంట ఉంది.

"ఏటి చేసినావు పెద్దమ్మా? అందరూ నవ్వుతారు," అంది థీరి, ఏడుపు ఆపుకుంటూ.

బకెట్‌లో మిగిలిన నీళ్లతో గబగబా తలంటాను. ఆరుతున్నకొద్దీ ఉంగరాలు ఒక్కొక్కటే తమ చోటికి తిరిగొచ్చాయి. తొమ్మిదేళ్లుగా ఆ జుట్టును ఒక పనిగానే చూశానని అప్పుడు తోచింది.

"ఎంత బాగుందే," అన్నాను.

"పొద్దున్న కూడా ఇలాగే ఉన్నాది, పెద్దమ్మా."