అవతలి గట్టు నుంచే పలకరింపు

మొన్న పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే ఫోను మోగింది. "మీ బావగారు వెళ్లిపోయార్రా తమ్ముడూ," అంది అక్కయ్య. తాడేపల్లిగూడెం నుంచి కలిదిండి దాకా బస్సులో కూర్చుని, ఆయనకి ఏం జవాబు చెప్పాలా అనే ఆలోచించాను. ఆయన ఒక మాట అనడం, నేను రెండు అనడం ఎన్నో ఏళ్ల అలవాటు మరి.

బావగారిది రొయ్యల సాగు. రొయ్యల రైతుకి దేవుడంటే భక్తి ఎంతో తెలీదు గాని, తెగులంటే మాత్రం వణుకు. పక్క చెరువులో తిరిగిన కాలు తన గట్టు తొక్కకూడదు. చుట్టూ వల కంచె, గేటు దగ్గర కాళ్లు ముంచుకోడానికి ఊదారంగు మందునీళ్ల తొట్టి. కూతురి పెళ్లిచూపులకొచ్చిన వాళ్లని కూడా అందులో దింపారాయన. వియ్యంకుడి కొత్త చెప్పులు రంగు మారాయి, సంబంధం మాత్రం కుదిరింది. అది వేరే కథ.

రెండేళ్ల కిందట ఆయనకి కాన్సరన్నారు. ఏలూరులో కీమో మొదలైంది. ఆ మందు జబ్బుతో పాటు రక్తంలో తెల్లకణాలనీ తగ్గించేస్తుందట. అవి తగ్గితే ఒంటికి కాపలా లేనట్టే. డాక్టరమ్మ గట్టిగా చెప్పింది: "జనంలో కూర్చోవద్దండీ. జ్వరం నూరు దాటిందా, మాత్ర వేసుకుని చూద్దాంలే అనుకోవద్దు. మాత్ర జ్వరాన్ని దాచేస్తుంది. ఉన్నపళంగా వచ్చెయ్యండి."

"ఏవుందోయ్, ఇన్నాళ్లూ రొయ్యలకి పెట్టిన కాపలా ఇప్పుడు నాకు," అన్నారు బావగారు.

కానీ మనవాళ్లు చూడ్డానికి రావద్దంటే ఊరుకుంటారా? మంచమ్మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, అదే జబ్బుతో పోయినవాళ్ల సంగతులన్నీ చెబితేగాని తృప్తి ఉండదు. అందుకని ఆయనో ఏర్పాటు చేశారు. చెరువుకి ఇవతల, ఇంటి అరుగు మీద తన కుర్చీ. అవతలి గట్టున వచ్చినవాళ్లకి బెంచీ. "ఎలా ఉన్నారండీ?" అని అటునుంచి అరిస్తే, "మీరొచ్చేదాకా బాగానే ఉన్నానండీ!" అని ఇటునుంచి కేక. ఆ బెంచీని ఎక్కువ అరగదీసింది నేనే.

ఒకసారి కీమో అయిన మరుసటి వారం పట్టుబడి పెట్టారు. రొయ్యలు పట్టి లారీకెత్తే రోజన్నమాట. నేను బెంచీ మీంచి, "బావగారూ, రొయ్యలు మీకన్నా బలంగా ఉన్నాయండీ!" అని అరిచాను. జవాబు లేదు. మళ్లీ అరిచాను. చెయ్యి ఊపారంతే. మిట్టమధ్యాహ్నం ఎండలో దుప్పటి కప్పుకుని ఉన్నారు.

"అక్కయ్యా! థర్మామీటరు పెట్టు!"

"పట్టుబడి అయ్యాక చూద్దామంటున్నార్రా! మాత్ర ఇమ్మంటున్నారు!"

"ఇవ్వకు! నేనొస్తున్నా!"

గట్టు చుట్టూ పరిగెత్తాను. గేటు దగ్గర తొట్టిలో కాళ్లు ముంచే వెళ్లాను, లేకపోతే ఆ జ్వరంలోనూ తిడతారని. చూస్తే నూరు ఎప్పుడో దాటింది. బావగారి కారు తీద్దామంటే దారికి అడ్డంగా ఐసు లారీ.

"సగం ఎత్తేశామండీ, కాసేపు ఆగండి," అన్నాడు డ్రైవరు.

"ఆగుదాంలేవోయ్," అన్నారు బావగారు, పళ్లు టకటకలాడుతుండగా.

"చెరువులో ఒక్క రొయ్య నీరసంగా గట్టుకి చేరితే రేపు చూద్దామంటారా మీరు?" అన్నాను.

ఆయన డ్రైవరుకేసి తిరిగి, "లారీ వెనక్కి తియ్యవయ్యా," అన్నారు.

సన్నటి గట్టు మీద లారీ వెనక్కి నడుస్తుంటే, చక్రం కింద మట్టి జారి నీళ్లలో పడుతోంది. ఏలూరు దాకా కారు నేనే తోలాను. దారంతా ఏదో ఒకటి అంటూనే ఉన్నాను, ఒక్కదానికైనా తిరిగి అంటారేమోనని. అనలేదు.

వెళ్లగానే రక్తం తీశారు. తెల్లకణాలు దాదాపు లేవన్నారు. వెంటనే నరంలోకి మందు ఎక్కించి, విడి గదిలో పెట్టారు. అక్కయ్యా నేనూ అద్దం ఇవతల కూర్చున్నాం. రోజులు గడిచాయి. ఒక పొద్దున్న నర్సమ్మ బయటికొచ్చి, "బావమరిది గారంటే మీరేనాండీ? 'రొయ్యలు నాకన్నా బలమేగాని, వాణ్ణి రొయ్యల మేతకి కూడా ఎవరూ కొనరు' అని చెప్పమన్నారండీ," అంది.

అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది.

అప్పటికి అలా గట్టెక్కారు. ఈ ఏడు జబ్బే మళ్లీ తిరగబెట్టింది.

మొన్న నేను వెళ్లేసరికి అవతలి గట్టంతా జనం. బెంచీ ఖాళీగా ఉంది, దాని చుట్టూ నిలబడ్డారు. ఇవతలికి ఒక్కరూ రావడం లేదు. అక్కయ్య అరుగు మీదికొచ్చి, గొంతెత్తి అంది:

"ఇంక ఇటు రావచ్చండీ!"

ఒక్కొక్కరే గట్టు చుట్టి వచ్చారు. గేటు దగ్గర ఎవరూ చెప్పకుండానే, ఒకరి తర్వాత ఒకరు తొట్టిలో దిగి కాళ్లు ముంచుకున్నారు. అరుగు మీద ఊదారంగు తడి అడుగులు, ఆయన కుర్చీ దాకా.