బుల్లిబాబు గారు ఇక్కడికి కొత్త

బుల్లిబాబు గారికి ఈ భూమ్మీద తెలిసిన చోటంటూ లేదు. ఎక్కడికి వెళ్ళినా ముందు చేతులు కట్టుకుని, మెడ కాస్త వంచి, ఎదురుగా ఎవరుంటే వాళ్ళతో "నేను ఇక్కడికి కొత్తండీ" అంటారు. హైటెక్ సిటీలో ఒకే కంపెనీలో జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి, ఆ కంపెనీ క్యాంటీన్‌లో నిలబడి ప్లేట్లు ఎక్కడుంటాయండీ అని అడుగుతారు. నిజాంపేటలో ఆయనకి సొంత ఫ్లాటుంది, ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి ఓసారి అధ్యక్షులుగా కూడా చేశారు. అయినా బి బ్లాకు ఎటండీ అని వాచ్‌మన్‌ని అడగ్గా విన్నవాళ్ళున్నారు.

కొత్తగూడ చౌరస్తా దగ్గర జయమ్మ టీ బండి ఉంది. అక్కడ రోజూ ఉదయం టీ తాగుతారాయన. తాగే ముందు, "ఇక్కడ ఏ టీ బాగుంటుందండీ" అని అడుగుతారు. జయమ్మ మొదట్లో నవ్వేది, తరవాత విసుక్కునేది, ఇప్పుడు అల్లం టీ, బెల్లం టీ, లెమన్ టీ అని పాఠంలా అప్పజెప్పేస్తుంది. "ఏం చేస్తం సార్, ఈ సారు పుట్టుడే కొత్తగ పుట్టిండు" అంటుంది పక్కవాళ్ళతో.

మీటింగుల్లో అయితే ఇంకా ఇబ్బంది. క్లయింటు గడగడా మాట్లాడుకుంటూ పోతుంటాడు. అందరూ అర్థమైనట్టు తలలూపుతుంటారు. సరిగ్గా అప్పుడు బుల్లిబాబు గారు మైకు తెరిచి, ఇందాక మీరన్న ఆ మూడక్షరాల మాటకి అర్థమేమిటండీ, నేను కొత్తండీ అంటారు. మేనేజరు ఉదయ్ భాస్కర్ తల పట్టుకునేవాడు. ఆ మూడక్షరాల అర్థం తనకీ అప్పుడే తెలిసిందన్న సంగతి మాత్రం పైకి పొక్కనిచ్చేవాడు కాడు.

ఆయన మీద చెప్పుకునే కథల్లో అందరికీ ఇష్టమైనది లిఫ్టు కథ. కంపెనీ ఉన్న టవర్‌లో లిఫ్టు లోపల బటన్లుండవు. ఎన్నో అంతస్తుకి వెళ్ళాలో బయటే నొక్కాలి, ఏ లిఫ్టు ఎక్కాలో అదే చెబుతుంది. ఆ సంగతి తెలీక ఎక్కినవాడు, లిఫ్టు ఎక్కడికి తీసుకెళితే అక్కడికి వెళ్ళి, మళ్ళీ కిందికి వచ్చేస్తాడు. ఆ టవర్‌లో అప్పటికి ఏళ్ళ తరబడి పనిచేస్తున్న బుల్లిబాబు గారు ఓ సోమవారం పొద్దున్న సెక్యూరిటీ గార్డుని పిలిచి, "ఈ లిఫ్టు ఎలా ఎక్కాలండీ, నేను కొత్తండీ" అన్నారు. గార్డు చిన్నపిల్లాడికి చెప్పినట్టు నొక్కి చూపించాడు. ఈ కథని ప్రతి టీమ్ లంచ్‌లోనూ అభినయంతో సహా చెప్పేది ప్రశాంతి. ఆ రోజు ఆమె అక్కడే ఉంది. కంపెనీలో చేరిన మొదటి రోజు అది.

ప్రశాంతి బుల్లిబాబు గారికి పూర్తిగా వ్యతిరేకమైన మనిషి. చచ్చినా ఎవరినీ ఏదీ అడగదు. ఆమెది కొత్తగూడే. వాళ్ళ తాతలు జొన్నలు పండించిన చోట ఇప్పుడు అద్దాల టవర్లున్నాయి. సొంత ఊళ్ళోనే, ఇంగ్లీషు దంచేసే జనం మధ్య, ఈమెకేం తెలుసులే అన్న చూపులు పడుతూ పెరిగింది. అందుకని తెలియదు అన్న మాటని నోట్లోంచే తీసేసింది. తెలియకపోతే రాత్రికి రాత్రి చదువుకుని వస్తుంది గానీ, పక్కవాడిని అడగదు.

ఆమె విమానం నడుపుతుంది. కొత్తగూడలో భూములు అమ్ముకున్నవాళ్ళు కార్లు కొన్నారు, ఫంక్షన్ హాళ్ళు కట్టారు. వాళ్ళ నాన్న బాలనర్సయ్య మాత్రం బిడ్డ ముచ్చటపడిందని నాలుగు సీట్ల పాత విమానం ఒకటి కొన్నాడు. కొన్నాడే గానీ అది ఎగిరిన ప్రతిసారీ ఆయన ప్రాణం పైకి పోయి అది దిగాకే కిందికి వచ్చేది. రెక్కల పురుగులాంటి దాంట్లో ఆడపిల్లను పంపుతవా అని చుట్టాలు దెప్పుతుంటే ఆయనకి అన్నం సయించేది కాదు. చివరికి ఒక బేరం వచ్చింది. కొనేవాడికి మాట ఇచ్చే ముందు బాలనర్సయ్య బిడ్డను కూర్చోబెట్టి ఒక్కటే అన్నాడు.

"ఒక్కపారి నన్ను ఎక్కించుకొని, నువ్వెన్నడు పోని ఊరికి పో. తెల్వని జాగల సుత నీకు భయం లేదని నా కండ్లతోటి చూస్త. లేకుంటే అమ్మేస్త బిడ్డా, ఏమనుకోకు."

ప్రశాంతి రాజమండ్రి అంది. అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు. తోడుగా ఒక పెద్దమనిషి ఉంటే బాగుంటుందని బాలనర్సయ్య అంటే, ఆఫీసులో అడిగి చూసింది. ఆదివారం పూట ప్రాణం మీదికి తెచ్చుకోవడం ఎవరికి సరదా. అందరికీ ఆ రోజే పెళ్ళిళ్ళూ పేరంటాలూ వచ్చాయి. బుల్లిబాబు గారొక్కరే వస్తానన్నారు. అంతకు ముందు కూడా సరదాగా ఆమె విమానం ఎక్కి ఊరి మీద తిరిగారాయన. పైగా డిగ్రీ చదివింది రాజమండ్రిలోనే.

ఆదివారం పొద్దున్న ఊరి చివర చిన్న రన్‌వే దగ్గర ముగ్గురూ విమానం ఎక్కారు. బాలనర్సయ్య వెనక కూర్చున్నాడు, భుజం మీద కొత్త తువ్వాలతో. బుల్లిబాబు గారు ముందు సీట్లో, ప్రశాంతి పక్కన. ఎక్కీ ఎక్కగానే మొదలుపెట్టారు.

"ఈ బెల్టు ఎలా పెట్టుకోవాలండీ? నేను కొత్తండీ."

ప్రశాంతికి ఒళ్ళు మండింది. ఇదే బెల్టు, ఇదే సీటు, ఇదే మనిషి, ఇంతకు ముందు తనే పెట్టుకున్నాడు. నాన్న ముందు గొడవెందుకని మళ్ళీ చూపించింది. అంతటితో ఆగలేదు. ఈ తలుపు దానంతటది తెరుచుకోదు కదండీ అన్నారు. మేఘాల్లో కుదుపులొస్తే ఏమనుకోవాలండీ అన్నారు. ఇంజను ఆగిపోతే రాయిలా పడిపోతామా అండీ అన్నారు. పడిపోము, గాలిలో జారుకుంటూ మెల్లగా ఏ పొలంలోనో దిగుతాము, అది నేర్చుకోందే లైసెన్సు ఇవ్వరు అని ప్రశాంతి పళ్ళు బిగబట్టి చెప్పింది. వెనక సీట్లో బాలనర్సయ్య ముందుకి వంగి వింటున్నాడు. విమానం లేచింది.

సూర్యాపేట దాటకముందే బుల్లిబాబు గారు కునికిపాట్లు మొదలుపెట్టారు. కొండలూ, పొగాకు చేలూ దాటి గోదావరి కనబడేసరికి లేచి కూర్చుని కళ్ళజోడు తుడుచుకున్నారు. ఇసుక తిన్నెల మధ్య నీళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. బాలనర్సయ్య కిటికీకి ముక్కు ఆనించి చూస్తున్నాడు. ప్రశాంతికి కొంచెం ధైర్యం వచ్చింది.

అప్పుడే రాజమండ్రి విమానాశ్రయం టవర్ నుంచి, విమానాలకి దారి చెప్పే కంట్రోలర్ గొంతు వినబడింది. ముగ్గురి చెవులకూ హెడ్‌సెట్లున్నాయి. ప్రయాణికుల విమానం ఒకటి దిగడానికి వస్తోంది, అది దిగేదాకా మీరు రైల్వే వంతెన మీద చక్కర్లు కొడుతూ ఉండండి అని ఇంగ్లీషులో గబగబా చెప్పాడు. "రోజర్" అంది ప్రశాంతి వెంటనే. అర్థమైంది అని దానర్థం. ఆ మాట అని కిందికి చూసింది.

కింద వంతెనలు వరసగా ఉన్నాయి. పాతబడిపోయిన స్తంభాలది ఒకటి. విల్లుల్లాంటి కమానులది ఒకటి. ఇంకాస్త ఎగువన పైన బస్సులూ కింద రైళ్ళూ పోయేది ఇంకొకటి. మూడూ రైల్వే వంతెనల్లాగే ఉన్నాయి. తప్పు వంతెన మీద తిరిగితే ఆ వచ్చే పెద్ద విమానానికి అడ్డం పడతాం. కొత్త ఊరికి వచ్చిన పైలట్ నేను ఇక్కడికి కొత్త అని చెబితే చాలు, టవర్‌లో వాళ్ళు చెయ్యి పట్టుకున్నట్టు ఒక్కొక్క మాటే చెప్పి దింపుతారు. ఆ పద్ధతి ఉందనీ, అందులో నామోషీ ఏమీ లేదనీ నేర్పిన గురువు ఆమెకి వంద సార్లు చెప్పాడు. కానీ వెనక సీట్లో నాన్న ఉన్నాడు. తెలియని చోట బిడ్డకి భయం లేదని చూడ్డానికే వచ్చాడు.

"ఏ వంతెనండీ ప్రశాంతి గారూ?" అన్నారు బుల్లిబాబు గారు మెల్లగా.

"నాకు తెలుసు సర్" అంది ప్రశాంతి. గొంతు తనకే పరాయిగా వినబడింది. దగ్గరగా ఉన్న వంతెన వైపు విమానాన్ని తిప్పింది.

బుల్లిబాబు గారు ఆమె వైపు ఒకసారి చూశారు. తరవాత తన ముందున్న బటన్ మీద వేలు పెట్టారు. అది టవర్‌తో మాట్లాడే బటన్. దాన్ని పొరపాటున కూడా ముట్టుకోవద్దని ప్రశాంతి ఆయన్ని మొదటిసారి ఎక్కించుకున్నప్పుడే చెప్పింది.

"టవర్ గారూ, నమస్కారమండీ. నేను ఇక్కడికి కొత్తండీ. ఏ వంతెనండీ?"

ప్రశాంతికి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది, అదీ కుదరని చోట ఉంది. తన లైసెన్సు, విమానం, నాన్న నమ్మకం మూడూ ఒక్క వేలి కింద నలిగిపోయాయనుకుంది. తరవాత కంట్రోలర్ గొంతు వచ్చింది. ఈసారి నిదానంగా, మెత్తగా ఉంది. మీకు ఈ విమానాశ్రయం కొత్తా అని ఇంగ్లీషులో అడిగాడు. ప్రశాంతి బటన్ నొక్కి, తనూ ఇంగ్లీషులోనే "అవును, కొత్త" అంది. ఆ మాట అనగానే భుజాల మీంచి బస్తా దింపినట్టయింది.

కమానుల వంతెన, అన్నాడు కంట్రోలర్. ఆమె వెళుతున్నది అది కాదు. వెంటనే తిప్పుకుంది. ఎటు తిరగాలో, ఎప్పుడు దిగాలో, అక్కడి నుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చాడతను. పెద్ద విమానం దూరంగా, దాని దారిన అది దిగింది. తరవాత ప్రశాంతి దించిన తీరుకి బుల్లిబాబు గారి చేతిలోని నీళ్ళ సీసా కూడా తొణకలేదు.

దిగాక ఎటు వెళ్ళాలో తెలియని విమానాలకి దారి చూపడానికి ఒక జీపు వస్తుంది. నా వెనకే రండి అని దాని వెనక రాసి ఉంటుంది. ఆ పసుపు జీపు వచ్చి విమానం ముందు నిలబడేసరికి ప్రశాంతికి మళ్ళీ తల కొట్టేసినట్టయింది. నాన్న దగ్గర ఇక దాచడానికేం లేదనుకుంది. జీపు వెనకే నెమ్మదిగా పోనిస్తూ అద్దంలో వెనక్కి చూసింది. బాలనర్సయ్య తువ్వాల సర్దుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు.

విమానాశ్రయం క్యాంటీన్‌లో కూర్చున్నాక ఆయన మొదట చేసిన పని తమ్ముడికి ఫోన్.

"విమానం అమ్ముతలేనని చెప్పు ఆ కొనెటాయనకు. అరే, మేం దిగంగనే మంత్రులకు పెట్టినట్టు ముంగట జీపు పెట్టిండ్రు మాకు. బిడ్డను టవర్‌ల మంచిగ గుర్తుపడ్తున్నరు."

ఆయన ఫోన్ పెట్టేసి, కొంచెం సిగ్గుపడుతూ, బుల్లిబాబు గారు వినకుండా ఆమె దగ్గరికి జరిగాడు. "నాకు ఆ బెల్టు పెట్టుకొనుడే తెల్వకుండె బిడ్డా. ఇంజన్ బందైతే రాయి తీరుగ పడ్తమని పానం గుబగుబలాడె. అడుగుదామంటే నువ్వు నవ్వుతవేమో అనిపించె. ఆ సారు సుత కొత్తనే ఉన్నడు గద, అన్ని ఆయనే అడిగిండు, బతికిచ్చిండు."

ప్రశాంతి తల తిప్పి చూసింది. బుల్లిబాబు గారు కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నారు. గోడ మీద మెనూ అంతా ఇంగ్లీషులో ఉంది. బాలనర్సయ్యకి ఇంగ్లీషు చదవడం రాదు. తను డిగ్రీ చదివిన ఊళ్ళోనే, "ఏమేం ఉన్నాయో ఒక్కసారి గట్టిగా చదువుతారా, నేను ఇక్కడికి కొత్తండీ" అంటున్నారాయన. కుర్చీలోంచే బాలనర్సయ్య అంతా విని, నాకు పెసరట్టు అన్నాడు.

ప్రశాంతికి లిఫ్టు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా ఆ కథ చెప్పి అందరినీ నవ్వించింది గానీ, ఆ కథలో తను ఎక్కడ నిలబడి ఉందో ఎప్పుడూ చెప్పలేదు. ఆ సోమవారం పొద్దున్న బటన్లు లేని లిఫ్టు ఎక్కి, ఎక్కడికో వెళ్ళి, కిందికొచ్చి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ వచ్చి, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు ముఖం పెట్టుకుని నిలబడిన కొత్తమ్మాయి తనే. గార్డు చూపించింది ఆయనకి, నేర్చుకుంది తను. ఆయన మీద జాలిపడుతూ మరీ పై అంతస్తుకి వెళ్ళింది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, నవ్వే గెలిచింది.

ఆయన వచ్చి కూర్చున్నాక అడిగింది. "మీరు ఇక్కడే చదివారు కదా సర్. రైల్వే వంతెన అంటే ఏదో మీకు తెలుసు."

"తెలుసండీ."

"నాకు చెప్పచ్చు కదా మరి."

బుల్లిబాబు గారు చట్నీలో వేలు ముంచి రుచి చూశారు. నాకు తెలిసిన వంతెనే ఆయన చెప్పిన వంతెన అని ఏం నమ్మకమండీ, గాలిలో ఉన్నప్పుడు అడగడమే మంచిది అన్నారు. పైగా నేను చెబితే మీకు తెలియదన్నట్టు అవుతుంది, నేను అడిగితే నాకు తెలియదన్నట్టే కదండీ అవుతుంది అని, ఈ పచ్చడి అల్లమేనా అండీ అని సర్వర్‌ని పిలిచారు.

మధ్యాహ్నం మళ్ళీ విమానం ఎక్కారు. ఈసారి బాలనర్సయ్య బెల్టు తనే పెట్టుకున్నాడు. కుర్చీలో సర్దుకుని, ముందుకి వంగి, అటూ ఇటూ చూశాడు. జీపు లేదు. పొద్దున్న దగ్గరుండి తీసుకొచ్చిన దారే కాబట్టి ఎవరూ పంపలేదు. ఆయన తువ్వాల ఒళ్ళోకి జారిపోయింది.

ప్రశాంతికి రన్‌వేకి పోయే దారి ఇప్పుడు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఒక్క మలుపు, అంతే. ఆమె టవర్ బటన్ నొక్కింది. దారి చూపడానికి ఒక జీపు పంపుతారా అని ఇంగ్లీషులో అడిగింది. కంట్రోలర్ ఆశ్చర్యపోయి, పొద్దున్నే వచ్చారు కదా అన్నాడు.

"వచ్చామండీ" అంది ప్రశాంతి తెలుగులోకి దిగిపోయి. "ఇంకా కొత్తేనండీ."

టవర్‌లో ఎవరో నవ్విన చప్పుడైంది. కాసేపటికి పసుపు జీపు వచ్చి ముందు నిలబడింది. బాలనర్సయ్య తువ్వాల తీసి భుజాన వేసుకుని నిటారుగా కూర్చున్నాడు. పక్క సీట్లో బుల్లిబాబు గారు ముసిముసిగా నవ్వుకుంటూ, బెల్టు రెండు కొసలూ చేతిలో పట్టుకుని, ఇది ఎలా పెట్టుకోవాలండీ అన్నారు. ప్రశాంతి ఈసారి విసుక్కోకుండా చూపించింది.