ఈస్టర్ దాకా ఒకే ప్లగ్గు

నా బండిని అమ్మేద్దామని మావారు అన్నప్పుడు నాకు కోపం రాలేదు, పౌరుషం వచ్చింది. కోపమైతే రెండు రోజుల్లో దిగిపోయేది.

అది మట్టిదారుల బండి. ఎత్తుగా, సన్నగా, గుబ్బల టైర్లతో ఉంటుంది. ఎవరో వాడినదే కొనుక్కున్నాను. నేను నందిగామలో లెక్కలు చెప్పే టీచర్ని. వారమంతా జగ్గయ్యపేట నుంచి బస్సులో నిలబడి వెళ్లొస్తాను. శనివారం సాయంత్రం మాత్రం నాది. చున్నీ నడుముకు బిగించి, హెల్మెట్ పెట్టుకుని, సున్నపురాయి క్వారీల వెనకున్న ఎడ్లబండ్ల బాటల్లోనో మునేరు ఇసుకలోనో పడి తిరుగుతాను. చర్చిలో ఆడవాళ్లు నన్ను చూసి ముసిముసిగా నవ్వేవారు. "టీచరమ్మా, ఈ వయసులో సర్కస్‌లో చేరతావా ఏంటి?" అని ఒకావిడ అడిగింది. "మీరు టికెట్ కొంటానంటే చేరతానండి" అన్నాను.

చిక్కంతా స్పార్క్ ప్లగ్గుతోనే వచ్చింది. కొత్తది వేసిన కొన్నాళ్లకే బండి దగ్గడం మొదలుపెట్టేది, తర్వాత ఆగిపోయేది. విప్పి చూస్తే కొన నల్లగా, కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగులా మసి. ఇక తోసుకుంటూ ఇంటికి రావడం, వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చి చూడడం. రోడ్డు బండికి వచ్చినన్నాళ్లు మట్టి బండికి ప్లగ్గు రాదని నాకూ తెలుసు. రాళ్లలో, ఇసుకలో ఇంజన్ ఎంతసేపు గుంజుకున్నా దూరం మాత్రం తరగదు కాబట్టి, కిలోమీటర్లు కాదు, ఇంజన్ తిరిగిన గంటలు చూడాలంటారు. అయినా మరీ ఇంత అన్యాయమా? తీసేసిన ప్లగ్గులన్నీ వంటింటి కిటికీలో వరసగా పెట్టి, పరీక్ష పేపర్లు దిద్దేటప్పటి మొహంతో రోజూ చూసేదాన్ని. అన్నీ నలుపే. ఒక్కటి మాత్రం, బండి ఆగకముందే మార్చేసినది, బిస్కెట్టు రంగులో శుభ్రంగా ఉంది. అదొక్కటే అలా ఎందుకుందో ఎంత ఆలోచించినా తట్టలేదు.

క్రిస్మస్ ముందు మళ్లీ తోసుకొచ్చాను. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చిన మావారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"ఆ క్వారీల్లో ఒక్కదానివే ఉండగా బండి ఆగిపోతే ఎట్టా? నాకిక్కడ ముద్ద దిగటంలా. పండక్కి కొత్త ప్లగ్గు వేద్దాం. ఈస్టర్ లోపు మళ్లీ తోసుకొచ్చావంటే, చిల్లకల్లులో మా ఫ్రెండు అడుగుతున్నాడు, ఇచ్చేద్దాం."

"ఈస్టర్ దాకా ఆ ఒక్క ప్లగ్గే. తోసుకొస్తే తాళం నేనే ఇస్తా. తోసుకురాకపోతే మాత్రం అమ్మే మాట ఇంకెప్పుడూ ఎత్తకూడదండీ" అన్నాను.

ఆయన సరేనన్నారు. ప్లగ్గు నేనే బిగించాను. ఆయన ఎప్పటిలాగే తన పని తాను చేశారు. మా ఊళ్లో క్వారీలకూ ఫ్యాక్టరీకీ తిరిగే బండ్లకు ఒక అలవాటు ఉంది. తెల్లదుమ్ము ఇంజన్లోకి పోకుండా, గాలి లోపలికి వెళ్లే ఫిల్టరు మూతికి పాత వాయిల్ చీర ముక్క కడతారు. మావారు ఆ ముక్కను నూనెలో ముంచి, మడతపెట్టి, దారం చుట్టి, ముడి గట్టిగా లాగి మరీ కడతారు. నా బండి మీద బెంగంతా ఆ ముడిలోనే చూపించేవారు.

కొత్త సంవత్సరం వచ్చిన కొద్ది వారాలకే, క్వారీ వెనక ఎత్తు ఎక్కుతుంటే బండి దగ్గింది. మలుపు తిరిగేసరికి ఆగిపోయింది. చుట్టూ తెల్లటి రాతిగుట్టలు, మనిషి జాడ లేదు. తోసుకెళ్తే ఇక బండి నాది కాదు. తోయను, ఏమైనా సరే తోయను అని పైకే అన్నాను.

ప్లగ్గు విప్పి, మసి గీకి, తుడిచి బిగించాను. బండి స్టార్టయి, కాస్త దూరం పోయి మళ్లీ చచ్చింది. విప్పితే మళ్లీ నలుపు. ఇప్పుడే కదా తుడిచాను! తుడిచిన వెంటనే నల్లబడిందంటే తప్పు ప్లగ్గుది కాదు. పెట్రోలు కాలడానికి గాలి చాలక మసి పడుతోంది. మరి గాలి ఎక్కడ ఆగుతోంది? బండి పక్క మూత విప్పి చెయ్యి పెట్టాను. నూనెగుడ్డ మీద దుమ్ము పేరుకుని అప్పడంలా గట్టిపడి ఉంది. కిటికీలో ఉన్న బిస్కెట్టు రంగు ప్లగ్గు అప్పుడు గుర్తొచ్చింది. అది బండిలో ఉన్న రోజుల్లో ఈ గుడ్డ మురికిగా ఉందని నేనే విప్పి, బట్టలతో పాటు ఉతికి తీగ మీద ఆరేశాను. అన్నాళ్లూ బండి గుడ్డ లేకుండానే తిరిగింది.

ముడి ఊడలేదు. పళ్లతో కొరికి తెంపాను. నోరంతా సున్నం. ప్లగ్గు మళ్లీ తుడిచి బిగించి, కాలు పీకేదాకా కిక్కు కొట్టాను. బండి గుప్పున నల్లపొగ కక్కి అందుకుంది. ఆ చప్పుడు వినగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గేరు వేశాను.

"తోసుకొచ్చావా?" గుమ్మంలోంచే అడిగారు.

"లేదండీ, ఎక్కే వచ్చా" అని, గుడ్డ ఆయన చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. వంచబోతే అది పుటుక్కున విరిగింది.

"దుమ్ము పోకూడదనే గదా కట్టా" అన్నారు.

"తెలుసండీ. దుమ్ముతో పాటు గాలి కూడా పోటంలా. దుమ్ము ఆపటానికి ఫిల్టరు ఉందిగా. తిరిగొచ్చినప్పుడల్లా దాన్ని నేనే కడుక్కుంటా. గుడ్డ మాత్రం ఇంక వద్దు."

ఆయన మొహం చిన్నబోయింది. నాకూ బాధేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆ తర్వాత తిరిగొచ్చిన ప్రతి శనివారం, ఒళ్లు పులిసిపోయి ఉన్నా సరే, ఫిల్టరును సబ్బునీళ్లలో పిండి, ఆరబెట్టి, నూనె పట్టించాకే పడుకున్నాను. ఆయన దూరం నుంచి చూసేవారు.

ఈస్టర్ మర్నాడు ఆయనే స్పానర్ తెచ్చి ప్లగ్గు విప్పమన్నారు. అదే ప్లగ్గు, బిస్కెట్టు రంగు. వెలుతురులో తిప్పి తిప్పి చూసి నా చేతికిచ్చారు. దాన్నే మళ్లీ బిగించాను. అమ్మే మాట ఎవరూ ఎత్తలేదు.

హెల్మెట్ పెట్టుకోబోతుంటే ఆగమని లోపలికెళ్లి, ఆ వాయిల్ చీరలోనే మిగిలిన ముక్క పట్టుకొచ్చారు. మళ్లీ మొదలా అని నాకు ఒళ్లు మండింది. ఆయన బండి దగ్గరికి వెళ్లలేదు. ఆ ముక్కతో నా ముక్కూ నోరూ కప్పి, తల వెనక ముడి వేశారు. అలవాటు కొద్దీ గట్టిగా లాగబోయి, ఆగి, కొంచెం వదులు చేశారు.

"ఊపిరాడుతోందా?" అని అడిగారు.

ఆడుతోందని తలూపి, కిక్కు కొట్టాను.